చారానా బిళ్ళ

కేసముద్రం స్టేషన్ రోడ్డులో దుకాణం తెరిచేవాళ్ళు ముందు వాకిట నీళ్ళు చల్లుతారు, లేదంటే అగరుబత్తి వెలిగిస్తారు. నిఖత్ మాత్రం షట్టర్ ఎత్తగానే గొంతుక్కూర్చుని బ్యాటరీ మూతలు విప్పుతుంది. నీళ్ళు గీత దాకా ఉన్నాయా, తీగల కొసలకు తెల్లపొడి పట్టిందా, ఇన్వర్టర్ మీద పచ్చదీపం వెలుగుతోందా అని చూస్తుంది. దాని పక్కన రెండో ఇన్వర్టర్, వెనక మూడోది. సెల్‌ఫోన్లు బాగుచేసే అంత చిన్న దుకాణానికి ఇన్ని బ్యాటరీలు ఎందుకని కొత్తగా బదిలీ మీద వచ్చిన లైన్‌మన్ ఒకసారి అడిగాడు.

"మా భాయ్ ఆట నడుస్తున్నది" అంది నిఖత్.

పక్క కొట్టులో సైకిళ్ళు బాగుచేసే సదానందం మిగతాది వివరంగా చెప్పాడు. లైన్‌మన్ విని తలూపి, ఆ లైన్లో కరెంటు తీసేముందు ఫోన్ చేస్తానని నిఖత్ నంబరు రాసుకుని వెళ్ళాడు.

ఆ ఆట దుకాణం మూలన ఉంది. మనిషెత్తు చెక్కపెట్టె, అందులో టీవీలాంటి తెర, కింద ఎర్ర గుండు ఉన్న హ్యాండిల్, రెండు మీటలు, పాత పెద్ద రూపాయి మాత్రమే పట్టే సందు. తెర మీద పచ్చ చొక్కా వేసుకున్న చిన్న బొమ్మ విరిగిన వంతెన అంచున, ఒక కాలు గాల్లో పెట్టి నిలబడి ఉంటుంది. వెనక నుంచి ముళ్ళచక్రం ఒకటి దొర్లుకుంటూ వచ్చి జానెడు దూరంలో ఆగిపోయింది. పై మూలన మూడు గుండెకాయ బొమ్మల్లో రెండు నల్లబడ్డాయి, ఒకటి ఎర్రగా ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ కాలు గాల్లోనే ఉంది.

రఫీకి అప్పుడు పన్నెండేళ్ళు, నిఖత్‌కు ఏడు. వాళ్ళ నాన్న షంషుద్దీన్ రేడియోలు బాగుచేస్తూ, ఎక్కడినుంచో ఈ గేమ్ డబ్బాను కొనుక్కొచ్చి పెట్టాడు. ఊళ్ళో పిల్లలంతా అక్కడే ఉండేవాళ్ళు. షంషుద్దీన్ దగ్గర ఒకటే లెక్క: ఎవరి కొడుకైనా రూపాయి వేయాల్సిందే, తన కొడుకైనా సరే. ఎవరైనా చెల్లని బిళ్ళ వేసి దొరికిపోతే దాన్ని నలుగురికీ కనపడేలా గుమ్మానికి మేకుతో దిగ్గొట్టేవాడు. దాంతో ఆ పిల్లవాడి పరువు కూడా గుమ్మానికెక్కేది.

రూపాయి లేని పిల్లలకు రైలు ఉంది. చారానా, అదే పావలా బిళ్ళను, రైలు పట్టా మీద పెడితే పొద్దుటి పాసింజరు దాని మీదుగా పోయి రూపాయంత వెడల్పు చేసేది. రఫీ చెల్లెల్ని వెంటబెట్టుకుని పోయి మొదటి చారానా పెడితే అది ఎగిరి కంకర్లో పడిపోయింది. రెండోది కుదిరింది. వేడివేడిగా ఉన్న దాన్ని నిఖత్ ఫ్రాకు కొసలో పట్టుకొచ్చింది. ఆటలో సగం నీకిస్తానని రఫీ ఒట్టుపెట్టాడు. డబ్బా దగ్గరికొచ్చాక ఒట్టు మర్చిపోయాడు. రెండు ప్రాణాలు పోయినా హ్యాండిల్ వదల్లేదు. నిఖత్‌కు ఒళ్ళు మండి వెనకగదిలో ఉన్న నాన్న దగ్గరికి పోయి, "అబ్బా, భాయ్ దొంగబిళ్ళ వేసిండు" అని చెప్పేసింది.

షంషుద్దీన్ వచ్చి పెట్టె తెరిచి బిళ్ళ తీశాడు. కొడుకు చెంప ఛెళ్ళుమనిపించి, చెవి పట్టుకుని బయటికి ఈడ్చాడు. రఫీ చెయ్యి హ్యాండిల్ మీద నుంచి జారిన క్షణాన బొమ్మ ఆగింది, చక్రం ఆగింది. ఆ తర్వాత రఫీ మళ్ళీ హ్యాండిల్ ముట్టలేదు, వేరే ఎవరు తిప్పినా ఏదీ కదల్లేదు. చారానా బిళ్ళ మేకుతో సహా గుమ్మానికెక్కింది.

మూడేళ్ళ తర్వాత రఫీ గూడ్సు బండి మీద నుంచి తలకిందులుగా పడి, లేచి, నిక్కరు దులుపుకుని ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. ఆ తర్వాత మక్కజొన్న చేనులో పిడుగు పడితే పక్కనున్న మేక పోయింది కానీ రఫీకి చొక్కా గుండీ కూడా ఊడలేదు. లారీ డ్రైవరయ్యాక భూపాలపల్లి దగ్గర బొగ్గులారీ మూడు పల్టీలు కొడితే, అద్దంలోంచి బయటికొచ్చి చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అతని ఆట ఇంకా అయిపోలేదు, అంతే. ఇన్సూరెన్సు ఏజెంటు ఒక్కడే కొంచెం నొచ్చుకున్నాడు.

ఆ ఊళ్ళో ఎవరు బస్సెక్కినా, బండెక్కినా వెనకనుంచి "పైలం" అంటారు, జాగ్రత్తగా పోయి రమ్మని. సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుకునే షంషుద్దీన్ ఇంట్లో కూడా ఆ మాట తెలుగులోనే అంటారు. తల్లి గుల్షన్ బేగం కూరగాయలకు పోయే నిఖత్‌కు కూడా చెప్తుంది. రఫీకి మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేదు కదా అని అందరూ అనుకున్నారు.

అవసరమల్లా దుకాణంలో కరెంటుది. షంషుద్దీన్‌కు చేతులు వణకడం మొదలయ్యాక ఆ కాపలా నిఖత్ మీద పడింది. నెల్లికుదురులో పెళ్ళికి పోయినా, గార్లలో చావుకు పోయినా సాయంత్రానికల్లా తిరిగి వచ్చేది. వర్షం మొదలైతే చేతిలో పని వదిలేసి పచ్చదీపాల ముందు కూర్చునేది. ఆ రోజు తను నోరు మూసుకుని ఉంటే ఇదంతా ఉండేది కాదని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా మర్చిపోయింది లేదు.

దసరా పోయిన వారానికి తెర పైనా కిందా నల్లపట్టీ కనిపించింది. నిఖత్ అద్దం మీద పెన్నుతో గీత పెట్టుకుంది. వారం తిరిగేసరికి పట్టీ గీత దాటి వేలెడు లోపలికొచ్చింది. తర్వాతి వారం ఇంకో వేలెడు. బొమ్మ పొట్టిదైపోతోంది. వెనకనుంచి కాలిన బెల్లం వాసన వస్తోంది. తెర మొత్తం మూసుకుపోతే ఏమవుతుందని అడగడానికి కూడా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

జనగామలో పాత గేమ్ డబ్బాలు బాగుచేసే మిథున్ అనే అబ్బాయి ఉన్నాడని ఫోన్ విడిభాగాలు తెచ్చే మనిషి చెప్పాడు. అబ్బాయంటే ముప్పై ఏళ్ళుంటాయి. వచ్చి, వెనక తలుపు తీసి, టార్చిలైటు వేసి మూలమూలా చూశాడు.

"రెండు తొవ్వలున్నయి అక్కా" అన్నాడు చివరికి. "పాతదాన్ని పాతలెక్కనే చేసుడు ఒకటి. ఇసొంటి ట్యూబు హైదరాబాద్‌ల నా దోస్తు కాడ ఉన్నది. బోర్డు మీద కెపాసిటర్లన్నీ ఉబ్బినయి, తీసి కొత్తయి ఏస్త. ఇంకో ముప్పై ఏండ్లు చూస్కునే పనుండదు. కని నాలుగు రోజులు బంద్ పెట్టాలె."

"బంద్ చేస్తే ఆట?"

"ఒక్క నిమిషం బంద్ చేసినా పోతది. దాచుకునే తెలివి గీ బోర్డుకు లేదు."

"దవాఖాన్ల గుండె మారుస్తుండ్రు గద. గట్ల నడుస్తుండంగనే చెయ్యరాదా?"

"అక్కడ గూడ గుండెను జరసేపు ఆపుతరక్కా."

"ఆ జరసేపే నా భయం" అంది నిఖత్. "రెండోదేంది?"

"ట్యూబు పీకేసి పలక తెర పెడ్త. గది నడుస్తుండంగనే పెట్టొచ్చు. హ్యాండిల్ కింద తీగలు తొడుగులు ఊడి ఒకదాన్నొకటి తాకుతున్నయి. గట్లనే ఉంచితే ఏదో ఒక రోజు బొమ్మ దానంతటదే దుంకుతది. అందుకే హ్యాండిల్, మీటలు, బిళ్ళేసే సందు అన్నీ తీసేసి, బోర్డును అద్దాల పెట్టెల బిగిస్త. చీమ గూడ పోదు. ఆట గట్లనే నిలవడుంటది."

"ఎన్ని రోజులు?"

"బోర్డు ఉన్నన్ని రోజులు. ఐదేండ్లు ఉండొచ్చు, పదేండ్లు ఉండొచ్చు. కని ఇంక ఎవ్వరూ ఆడరాదు."

గుమ్మం పక్కన కుర్చీలో ఉన్న షంషుద్దీన్ అంతా విన్నాడు. నిఖత్ అతని వైపు చూస్తే, "నీకు ఎట్ల మంచిగనిపిస్తే గట్ల చెయ్ బేటీ" అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనుకుంది నిఖత్. ఆదివారం వచ్చి పలక తెర పెట్టమని మిథున్‌కు చెప్పేసింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నది.

శనివారం మధ్యాహ్నం రఫీ భూపాలపల్లి నుంచి వచ్చాడు. లారీని మార్కెట్ యార్డు దగ్గర పెట్టి నేరుగా దుకాణానికొచ్చాడు. నలభై ఒక్క ఏళ్ళ మనిషి ముఖం మీద చిన్న గీత కూడా లేదు. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళు అతన్ని నిఖత్‌కు తమ్ముడనుకుంటారు. అతను తెర మీద చెల్లెలు పెట్టిన పెన్నుగీతల్ని వేలితో ఒక్కొక్కటే తడిమి, "నన్ను అద్దాల పెట్టెల పెడ్తవట గద" అన్నాడు.

"నిన్ను గాదు భాయ్, ఆటను."

"రెండూ ఒకటే గద."

"పరేషాన్ చెయ్యకు. నువ్వు మంచిగుండాలనే గద."

రఫీ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నగేష్ కాలు యాదికున్నదా?" అన్నాడు.

నగేష్ అతని క్లీనర్. లారీ పల్టీలు కొట్టిన రోజు పక్కసీట్లో ఉన్నాడు. మోకాలి కిందికి తీసేశారు.

"నాకు అంగీ నలగలె. వానికి కాలు పోయింది. నాకు తగలాల్సింది యాడికన్న పోవాలె గద నిఖత్. పక్కనోనికి పోయింది. మేకకు గట్లనే పోయింది."

"గట్లనే అని నీకెట్ల తెలుసు?"

"తెల్వదు. తెల్వకనే పదకొండేండ్ల సంది క్లీనర్ను పెట్టుకుంటలేను. ముస్కాన్ను బండెక్కించుకుంటలేను." ముస్కాన్ అతని కూతురు, తొమ్మిదేళ్ళది. "మొన్న బడి కాడ అడిగింది. అందరి అబ్బాలు బండి మీద తీస్కపోతరు, నువ్వెందుకు తీస్కపోవు, నేను నీ బిడ్డను కానా అని."

కూతుర్ని బడికి దింపడానికి వీడికి బద్ధకమని ఇన్నాళ్ళూ వదినతో కలిసి నిఖత్ కూడా తిట్టింది. ఎంత తప్పుగా అనుకున్నానని సిగ్గేసింది.

"నేను ఆడుత" అన్నాడు రఫీ. "అయిపోగొడ్త."

"ఒక్కటే లైఫున్నది భాయ్!"

"అందరికీ ఒక్కటే ఉన్నది."

"జర ఆగు. ఐదేండ్లు, పదేండ్లు ఉంటదని చెప్పిండు గద మిథున్. అప్పటికి ఇంకేదన్న దొరుకుతది."

"పదేండ్లకు ముస్కాన్ పెద్దగైతది. నా వెనక కూసునే వయసు పోతది."

అప్పుడు నిఖత్‌కు ఏడుపొచ్చేసింది. ఆ రోజు అబ్బాకు చెప్పింది నేనే భాయ్, సగం ఆట ఇయ్యలేదని కోపమొచ్చి చెప్పిన అని వెక్కుతూ చెప్పింది. రఫీ నవ్వాడు.

"నాకు తెల్వదా? నువ్వు తలుపు సాటుకు నిలవడి చూసుకుంట ఉంటివి. నువ్వు చెప్పకపోతే ఆ మూడో లైఫు గూడ అప్పుడే పోతుండె. నాకు ఆడుడు వస్తుండెనా ఏంది?"

ఆదివారం యార్డుకు సెలవు. స్టేషన్ రోడ్డు ఖాళీగా ఉంది. మిథున్ పది గంటలకే వచ్చాడు, సామాను సంచి విప్పకుండా పక్కన పెట్టి, హ్యాండిల్ కింద తీగలకు మాత్రం టేపు చుట్టాడు. గుల్షన్ బేగం రానంది. ఇంట్లో నమాజుకు జానమాజ్ పరుచుకుని కూర్చుంది. సదానందం తన కొట్టు వదిలి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. షంషుద్దీన్ కుర్చీలో ఎప్పటిలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. తెర బెత్తెడు ఎత్తు మాత్రమే మిగిలింది.

రఫీ స్టూలు మీద కూర్చుని ఎర్ర గుండు మీద చెయ్యి వేశాడు. గాల్లో ఉన్న కాలు నేలకానింది.

చక్రం దొర్లింది. బొమ్మ దూకింది. పాత పాట ఒక్కసారిగా మోగేసరికి నిఖత్ గోడ పట్టుకుంది. స్టీరింగు తిప్పిన ఆ చేతులకు చిన్న హ్యాండిల్ ఇరుకైంది. అయినా మొదటి వంతెన దాటాడు. రెండోది దాటాడు. "శెభాష్" అని సదానందం అరిచాడు. మూడో వంతెన దగ్గర తెర ఇంకొంచెం కుంచించుకుపోయింది. పైనుంచి వచ్చే రాయి రఫీకి కనపడలేదు.

బొమ్మ పడిపోయింది. ఎర్రగా ఉన్న గుండెకాయ నల్లబడింది.

రఫీ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది కానీ ముఖంలో నెత్తురు లేదు. పెదాలు తెల్లబడ్డాయి. తెర మీద అంకె వచ్చింది: తొమ్మిది. ఆట కావాలంటే బిళ్ళ వెయ్యమని ఆ డబ్బా పిల్లలందరినీ అడిగినట్టే అతన్నీ అడుగుతోంది. ఎనిమిది.

నిఖత్ గల్లాలోంచి రూపాయి తీసి వేసింది. కొత్త బిళ్ళ చిన్నది, లోపల ఆగకుండా జారి కింద గిన్నెలో పడింది. ఇంకోటి వేసింది, అదీ పడింది. "చాచా, పాత రూపాయి ఉన్నదా?" అని సదానందాన్ని అరుస్తూ అడిగింది. అతను రెండు జేబులూ తిరగేశాడు. మిథున్ వెనక నుంచి చెయ్యి పెట్టి లోపలి మీట నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. డబ్బా ఒప్పుకోలేదు. ఐదు. రఫీ తల మెల్లగా పక్కకు వాలుతోంది. నిఖత్ స్టూలు వెనక నిలబడి అతని భుజాలు పట్టుకుంది. భుజాలు చల్లగా ఉన్నాయి.

కుర్చీ కిర్రుమంది. షంషుద్దీన్ లేచాడు. బల్ల మీద కటింగ్ ప్లేయర్ తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఆరేళ్ళుగా చాయ్ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునే మనిషి, మేకు తలను ఒక్క పట్టున పట్టి గుంజాడు. చెక్కపెళ్ళతో సహా ఊడొచ్చింది. మూడు. చారానా బిళ్ళకు నడిమధ్య చిల్లు ఉంది. అంచులు నల్లబడ్డాయి. షంషుద్దీన్ దాన్ని కొడుకు ఒళ్ళో పెట్టలేదు, కూతురికి ఇవ్వలేదు. "బిస్మిల్లా" అని తన చేత్తోనే సందులో వేశాడు.

బిళ్ళ లోపల ఎక్కడో ఒక క్షణం ఆగింది. తర్వాత టంగుమంటూ పెట్టెలో పడింది.

అంకె ఒకటి మీద ఆగిపోయింది. పాట మళ్ళీ మొదలైంది. గుండెకాయలు ఎన్ని వచ్చాయో చూద్దామని నలుగురూ ముందుకు వంగేసరికి తెర సన్నని గీతైంది, గీత చుక్కైంది, చుక్క ఆరిపోయింది. కాలిన వాసన గుప్పుమని వచ్చి పోయింది. మూడు ఇన్వర్టర్లూ పచ్చదీపాలతో వెలుగుతూనే ఉన్నాయి.

"ఎన్నొచ్చినయి?" అన్నాడు రఫీ కళ్ళు తెరిచి.

"కనవడలె" అంది నిఖత్.

"ఒకటా, మూడా?"

"తెల్వదు భాయ్. ఎవ్వరికీ కనవడలె."

రఫీ లేవబోతూ గుమ్మం ఆసరా పట్టుకున్నాడు. పెళ్ళ ఊడిన చోట చెక్కపేడు బొటనవేలికి గుచ్చుకుంది. "స్స్" అని చెయ్యి వెనక్కి తీసుకుని, వేలి మీద ఉబ్బిన ఎర్రచుక్కను వింతగా చూశాడు. ఇంటికి పోయి చూపిస్తే గుల్షన్ బేగం జానమాజ్ మీద నుంచి లేచి, ఏడుస్తూ, నవ్వుతూ గుప్పెడు పసుపు తెచ్చి అద్దింది. అంత చిన్న గాయానికి అంత పసుపు ఆ ఊళ్ళో ఎవరూ వాడి ఉండరు.

ఇక తీర్మానించాల్సిన పెద్ద సంగతేం లేదు. పాతది పాతలాగే చెయ్యమని నిఖత్ చెప్పింది. మిథున్ నాలుగు రోజుల్లో ట్యూబు మార్చి, కెపాసిటర్లు మార్చి, తీగలు కొత్తవి వేశాడు. బొమ్మ ఇప్పుడు ఎవరి చేతికైనా కదులుతుంది, ఎవరి చేతిలోనైనా చస్తుంది. బిళ్ళల పెట్టె శుభ్రం చేస్తూ మిథున్, "చాచా, గీ దొంగబిళ్ళను మళ్ళ గుమ్మానికి కొట్టన్నా?" అని అడిగాడు.

"అది చెల్లింది" అన్నాడు షంషుద్దీన్. బిళ్ళను తీసుకుని కుర్తా జేబులో వేసుకున్నాడు.

తర్వాతి సోమవారం పొద్దున రఫీ దుకాణం ముందు బండి ఆపాడు. నెత్తిన కొత్త హెల్మెట్ ఉంది, వేలికి ఇంకా గుడ్డ ఉంది. ముస్కాన్ బడిసంచితో వెనక ఎక్కి, రెండు చేతులూ తండ్రి నడుం చుట్టూ వేసింది. రఫీ కాళ్ళు రెండూ నేలకు ఆనించి కూర్చున్నాడు. రోడ్డు మీద ఒక ట్రాక్టరు పోయేదాకా ఆగాడు. దాని వెనక ఆటో పోయేదాకా ఆగాడు. ముప్పై టన్నుల బొగ్గును ఒంటిచేత్తో తిప్పే మనిషికి ఆ బండి కదిలించడానికి ధైర్యం చాలడం లేదు. నిఖత్ అది చూసింది. తనలో ఇన్నాళ్ళున్న భయం అలాగే ఉంది, కానీ ఇప్పుడు అది అన్నకూ తనకూ ఇద్దరికీ ఉంది.

కుర్చీలోంచి షంషుద్దీన్ గొంతు సవరించుకున్నాడు.

"పైలం, రఫీ" అన్నాడు.

రఫీ వెనక్కి తిరిగి తండ్రి వైపు చూశాడు. హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు. దాని వెనక ముఖం ఎలా ఉందో నిఖత్‌కు కనపడలేదు. బండి కదిలింది. సదానందం సైకిలు దాన్ని దాటిపోయేంత నెమ్మదిగా, రోడ్డుకు ఎడమ అంచున పట్టుకుని పోయింది.

వాళ్ళు మలుపు తిరిగాక నిఖత్ అలవాటు కొద్దీ బ్యాటరీల దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది. అక్కడ ఇప్పుడు ఒక్క ఇన్వర్టరే ఉంది, అది ఫ్యానుకు. ఆమె లేచి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. మేకు ఊడిన చోటు మీద చెయ్యి ఆనించి, రఫీ తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడింది.